కట్టినామప్పా

మా గుర్రాల షెడ్డులో తెల్లవారాక మొదట వినిపించే మాట ఒకటుండేది. "పోతొస్తాండాదీ!" దానికి మేమందరం ఎక్కడున్నవాళ్ళం అక్కడినుంచే ఇచ్చే జవాబు ఇంకొకటి. "కట్టినామప్పా!"

కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేం భజన అని నవ్వేవాళ్ళు. భజన కాదు. పోతంటే మగది. మగగుర్రాన్ని గదిలోంచి బయటికి తెచ్చేముందు, దాన్ని పట్టుకునే పెద్దాయన గడియ మీద చెయ్యిపెట్టి ఆ కేక వేస్తాడు. అప్పుడు ఆవరణలో ఎవరి చేతిలో ఏ గుర్రమున్నా, అందులోనూ ఆడగుర్రమైతే, దాన్ని తీసుకెళ్ళి గోడకున్న ఇనుప రింగుకు కట్టెయ్యాలి. కట్టాక జవాబు చెప్పాలి. జవాబు విన్నాకే ఆయన గడియ తీస్తాడు. ఇంతే కట్టుబాటు. బడికి పోని పిల్లలకు కూడా అర్థమవుతుంది. నేను యాభై దాటిన మనిషిని, అంత సులువైనదాన్ని పాడుచేశాను.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి మట్టిబాట పట్టి పోతే మా నాలుగెకరాలు. మా ఆయన ఉన్నప్పుడు అందులో రెండు బోర్లుండేవి. ఒకటి ఆయనతోపాటే పోయింది. మిగిలినదాంట్లో వచ్చే నీళ్ళు టమోటాకు చాలవు, గుర్రాలకు చాలతాయి. ఈ సంగతి నాకు చెప్పింది బెంగళూరు నుంచి వచ్చిన ఒక సారు. ఆయనకొక నల్ల మగగుర్రం ఉంది, అక్కడ పెట్టుకోను చోటు లేదు. "మీరు షెడ్డు వెయ్యండమ్మా, నాలాంటోళ్ళు ఇంకా వస్తారు" అన్నాడు. వచ్చారు. స్వారీ నేర్పేవాళ్ళు రెండు గుర్రాలు తెచ్చిపెట్టారు. అవి విత్తులు కొట్టించినవి, పాపం, గడ్డి తప్ప వేరే ధ్యాస లేనివి. మదనపల్లెలో పెళ్ళిళ్ళకు గుర్రం తోలే ఒకాయన తన తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఆ దాణా కలిపే పని, లద్దె ఎత్తే పని, ఆవరణ కనిపెట్టుకునే పని నాది. ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఆవుల్ని మేపుకోక గుర్రాలేందిమే నీకు, రాణి అనుకుంటాండావా?" అని ఎగతాళి చేశారు. నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవుల్ని చూసి పెరిగినవాళ్ళకు గుర్రం ఏనుగంత కనిపిస్తుంది మరి.

మగగుర్రంతోపాటే పెద్దాయన వచ్చాడు. కుప్పం దగ్గర గుడుపల్లె పక్క మనిషి. వయసులో ఉన్నప్పుడు రైలెక్కి బెంగళూరు పోయి గుర్రపుశాలల్లో పనిచేసినవాడు. ఆయన మాటలో తెలుగూ, అరవమూ, కన్నడమూ కలగలిసి ఉండేవి. గుర్రంతో మాత్రం నాలుక చివర టక్కు టక్కుమని వేరే ఏదో మాట్లాడేవాడు. దాన్ని "నల్లోడా" అని పిలిచేవాడు. ఆయన అలవాటే మాకూ వచ్చి, ఆ గుర్రాన్ని మేమందరం "వాడు" అనే అనేవాళ్ళం. పిల్లగా ఉన్నప్పటినుంచీ వాడు ఆయన చేతిలోనే పెరిగాడు. ఆయనకు కుప్పంలో ఒక కూతురు తప్ప ఎవరూ లేరు. "కూతురింటికి పోతే కూడు పెడతాది గానీ పని పెట్టదు గదమ్మా" అనేవాడు. సారు ఆయన్ని పెట్టుకున్నది నల్లోడి కోసమే. నల్లోడు ఇక్కడ ఉన్నంతకాలమే ఆయనకు ఇక్కడ పని.

షెడ్డు కట్టేటప్పుడు ముందుగా చోటు చూడటానికి వచ్చినప్పుడే ఆయనతో నాకు పోట్లాట. మగగుర్రాన్ని దూరంగా, నాలుగు వైపులా గోడ పెట్టి మూసేద్దామని నేను. "వద్దమ్మా" అన్నాడాయన. "ఒంటిగా మూసిపెడితే మనిషికే పిచ్చి పడతాది. వాని కంటికి నలుగురు కనపడల్ల. మూతికి మాత్రం ఎవురూ అందకూడదు." అందుకని వరస చివర గది ఇచ్చి, గోడ నా రొమ్మెత్తు లేపి, ఆపైన కప్పుదాకా ఇనుప జాలీ పెట్టించాం. వాడి బకెట్టు వాడికే, వాడి బ్రష్షు వాడికే. ఆడగుర్రం మీద వేసిన గుడ్డ వాడి దరిదాపులకు పోకూడదు. వాణ్ణి తిరగడానికి వదిలే దొడ్డికి రెండు గేట్లు, ఒకటి వేశాకే రెండోది తియ్యాలి. తెల్ల గుర్రం ఎదకొచ్చిన రోజుల్లో నల్లోడి ముక్కుపుటాలకు జలుబు బామ్ పూసేవాడు, వాసన తగలకుండా. నేను నవ్వితే, "నవ్వుతావా? నీకు పడిశం పట్టినప్పుడు చారు వాసన తెలస్తాదా?" అన్నాడు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది తాడు గురించి. "తాడు చేతికి సుట్టుకోవద్దు, మడిచి పట్టుకోవల్ల. నీతో కాకపోతే ఇడిసిపెట్టు. గుర్రం మళ్ళీ దొరకతాది, చెయ్యి దొరకదు."

కేక వేసే పద్ధతీ ఆయనదే. నల్లోడి గది దగ్గర నిలబడితే నీళ్ళతొట్టి కనిపించదు, మధ్యలో గడ్డిగది అడ్డం. కంటికి కనపడనిది చెవికన్నా వినపడాలి గదా అని పెట్టాడు. మొదటి నెలల్లో మేం ముడి లాగి చూసి మరీ జవాబు చెప్పేవాళ్ళం. పోనుపోను ఆ కేకా, ఆ జవాబూ రెండూ నోటికి పట్టేశాయి. కొండకు పోయే బస్సులో ఒకడు "ఏడుకొండలవాడా" అంటే, నిద్రలో ఉన్నవాడు కూడా కళ్ళు తెరవకుండా "గోవిందా" అంటాడు చూడండి, అట్లా. కొన్నాళ్ళు కట్టి చెప్పాం. కొన్నాళ్ళు చెప్పి కట్టాం. షెడ్డులో ఆయనా నేనూ తప్ప నరమానవుడు లేని రోజు కూడా నేనొక్కదాన్నే పదిమందిలాగా "కట్టినామప్పా" అనేదాన్ని.

ఆ రోజుకు ఉగాది వెళ్ళి రెండు వారాలు. పెళ్ళిళ్ళ కాలం. ముందురోజు పుంగనూరులో పెళ్ళికొడుకును మోసిన తెల్లదాన్ని పొద్దున్నే టెంపోలో తెచ్చి దించి, దాని యజమాని ఇంటికి పోయాడు. దాని మెడలో వాడిన బంతిపూల దండ అట్లాగే ఉంది, జూలు నిండా చమ్కీలు. అది ఎదలో ఉంది. తోక ఎత్తి ఎత్తి పెడుతోంది, నాకు కనిపిస్తూనే ఉంది. కడుగుదామని తొట్టి దగ్గరికి తోలుకొచ్చి, దండ తెంపి పక్కనున్న రింగుకు తగిలించాను. తాడు మాత్రం తొట్టి అంచు మీద పడేసి ఉలవల బకెట్టు కోసం గడ్డిగదిలోకి పోయాను. దండను తగిలించినదాన్ని తాడును కట్టడానికేం రోగం? రెండు నిమిషాల్లో వస్తా గదా అనుకున్నాను. అంతలో ఫోను మోగింది. తంబళ్లపల్లె నుంచి మా చెల్లెలు. కొత్త బోరు వేస్తున్నారట, ఎన్ని అడుగులు పోయినా దుమ్మే లేస్తోందట, ఏడుస్తోంది. నేను చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకొని ఉలవలు కొలుస్తున్నాను.

"పోతొస్తాండాదీ!"

"కట్టినామప్పా!" అన్నాను.

అని, "ఏడవొద్దుమే, ఇంకో యాభై అడుగులు సూడమను" అని చెల్లెలితో మాట సాగించాను. నేను జవాబు చెప్పినట్టు కూడా నాకు తెలియదు. దేవుడి మీద ఒట్టు. అలవాటులో పొరపాటు అంటారు. పొరపాటుకు ఎంత మెత్తని పేరు పెట్టుకున్నామో చూడండి.

ఆ తరవాత నాకు వినిపించింది నల్లోడి సకిలింపు. బకెట్టు ఎక్కడ పడిందో, ఫోను ఎక్కడ పడిందో. బయటికి వచ్చేసరికి వాడు వెనక కాళ్ళ మీద లేచి ఉన్నాడు. పెద్దాయన తాడు పట్టుకొని వేలాడుతున్నాడు. తెల్లది తొట్టి దగ్గర వెనక్కి తిరిగి కాళ్ళు విసురుతోంది. "ఇడిసిపెట్టప్పా! ఇడిసిపెట్టు!" అని అరిచాను. ఆయన నేర్పిన మాటే ఆయనకు చెప్పాను. ఆయన విడవలేదు. నల్లోడు ఆయన్ని ఆవరణ పొడుగునా ఈడ్చుకొచ్చాడు. తొట్టి గట్టుకు ఆయన భుజం తగిలిన చప్పుడు తడిబట్టను బండకేసి కొట్టినట్టు వచ్చింది. నేను తెల్లదాని తాడు అందుకొని దగ్గరున్న ఖాళీ గదిలోకి దాన్ని తోసి తలుపు వేశాను. అప్పుడు నల్లోడు ఆగాడు. రొమ్ము మీద రక్తం కారుతుండగా, ఒళ్ళంతా వణుకుతూ, కింద పడి ఉన్న ఆయన మీదికి తల వంచి నిలబడ్డాడు. ఆయన వేళ్ళు తాడు మీదనుంచి తియ్యడానికి నాకు చాలాసేపు పట్టింది. నల్లోడు తనంతట తానే గదిలోకి పోతే గడియ వేశాను.

మదనపల్లెలో ఆస్పత్రికి తీసుకుపోయాను. జారిన భుజం సరిచేశారు. పక్కటెముకలు వాటంతటవే అతుక్కుంటాయన్నారు. కుడిచెయ్యి మాత్రం ఇకమీదట భుజందాకా లేవకపోవచ్చు, వయసు కూడా చూడాలి గదా అన్నారు. కూతురు వచ్చి కుప్పం తీసుకుపోయింది. పోయేముందు ఆయన నాతో అన్నది ఒకటే మాట. "నల్లోనికి రొమ్ముకాడ తన్నింది, పసుపు పెట్టమ్మా."

ఆ సాయంత్రానికల్లా అందరూ తీర్పు చెప్పేశారు. పెళ్ళిగుర్రం ఆయన వచ్చి, "పదిమంది గుర్రాలుండే కాడ మగదాన్ని పెట్టొద్దని నేను మొదటినుంచీ చెప్తానే ఉండా గదక్కా. పోతు బుద్ధి యాడికి పోతాది?" అన్నాడు. నేను తలూపాను. బెంగళూరు సారు ఫోనులో, "ఇన్నేళ్ళు సాకినవాణ్ణే ఈడ్చిందంటే దానికి పిచ్చి పట్టినట్టే లెక్క. పెద్దాయన లేకుండా ఇంక ఎవరు పట్టుకుంటారు దాన్ని? ఎవరికన్నా ఇచ్చేస్తా" అన్నాడు. "అవును సార్" అన్నాను. అవును సార్! ఎంత తేలిగ్గా వచ్చిందో నా నోట్లోంచి. "కట్టినామప్పా" అన్నంత తేలిగ్గా.

నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. షెడ్డు చూసుకునే మనిషే గుర్రాన్ని వదిలేసి కట్టానని చెప్పిందంటే, రేపు ఎవరు తమ గుర్రాన్ని నా దగ్గర పెడతారు? చెప్పకపోతే నల్లోడు ఊరుపేరు తెలియని చోటికి పోతాడు, వాడితోపాటే పెద్దాయన పనీ పోతుంది. ఒకవైపు నా కూడు, ఇంకోవైపు వాళ్ళిద్దరు. నేను నోరు మూసుకున్నాను. తొమ్మిది రోజులు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు పెద్దాయన పేరెత్తినా లేచి ఏదో ఒక పని కల్పించుకొని అవతలికి పోయేదాన్ని.

ఆ తొమ్మిది రోజులూ నల్లోణ్ణి బయటికి తెచ్చే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. జాలీలోంచి గడ్డి వేస్తే, వాడు గడ్డి వైపు చూడకుండా నా వెనక ఎవరన్నా వస్తున్నారేమోనని చూసేవాడు. పగలంతా తలుపును తన్నేవాడు. ఒకరోజు ఓర్చుకోలేక, "నీవల్లే గదరా ఇదంతా! యాల సస్తావు అట్ల తన్నుకోని!" అని వాడి మీద అరిచాను. నోరులేని జీవి మీద నా తప్పు రుద్దుతున్నానని అప్పుడు సిగ్గేసింది. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

ఆదివారం బండి తీసుకొస్తానని సారు కబురు చేశాడు. శనివారం పొద్దున్నే నేను సంచిలో నాలుగు కిలోల టమోటాలు వేసుకొని కుప్పం బయలుదేరాను. పుంగనూరు దాటాక, పలమనేరు దాటాక, ఒక్కో ఊరి దగ్గరా దిగి వెనక్కి పోదామనిపించింది.

కూతురిల్లు రైలుపట్టాలకు దగ్గర. పెద్దాయన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో, చెయ్యి మెడకు కట్టించుకొని కూర్చుని ఉన్నాడు. సగానికి సగమయ్యాడు మనిషి. నన్ను కూర్చోమనకముందే, "మానిందా వానికి?" అన్నాడు.

"మానిందప్పా" అన్నాను. "అప్పా, నీకొక మాట చెప్పల్ల. ఆ పొద్దు నేను తెల్లదాన్ని కట్టలేదు. కట్టకుండానే కట్టినామని చెప్పేసినా."

చెంబుతో నీళ్ళు తెస్తున్న కూతురు గడపలోనే ఆగిపోయింది. రైలొకటి వచ్చింది. అది పోయిందాకా ఆగి పెద్దాయన, "తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు తెల్లదాన్ని తొట్టికాడికి తోలుకపోతా ఉంటే నేను సూసినా. నీ గొంతు సూస్తే గడ్డిరూములో నుంచి వచ్చె. గుర్రం ఆడ, గొంతు ఈడ. ఇన్నాను. ఇని గూడా గడి తీసినా."

"యాలప్పా? యాల తీసినావు?"

"అదే ఈ తొమ్మిది దినాలూ నన్ను నేను అడుక్కుంటాండా. నువ్వు కట్టింటావులే అని నమ్మి తీసినా అంటే అబద్ధం. ఆ యోచనే రాలేదమ్మా. జవాబు వచ్చె, చెయ్యి గడి మీదికి పాయె. నీ నోరు ఎట్లనో నా చెయ్యి గూడా అట్లనే."

ఆయన తిడతాడని పోయాను నేను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టింది కూతురు. చెంబు ఠపీమని కింద పెట్టి, "మా నాయన చెయ్యి పోయిందమ్మా! ఇద్దురూ కూసోని యోచనలంట, జవాబులంట! అన్నం కలుపుకునే చెయ్యి అది. ఇద్దురికీ బుద్ధి లేదు" అంది. ఏడుస్తూనే నా సంచిలోని టమోటాలు లోపలికి తీసుకుపోయింది. ఆమె అన్నదాంట్లో ఒక్కటి కూడా తప్పు లేదు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకొని, "ఇడిసిపెట్టమని నాకు నేర్పించింది నువ్వే గదప్పా. నువ్వు యాల ఇడిసిపెట్టలే?" అని అడిగాను.

"ఇడిస్తే తెల్లదాని మీదికి పోతాడు. అది మళ్ళీ తంతే వాని కాలిరగతాది. కాలిరిగిన గుర్రానికి మందు లేదు. నా చెయ్యికైతే ఆస్పత్రి ఉండాది" అన్నాడు. గొంతు తగ్గించి, "రేపు వాణ్ణి తోలుకపోతారంట గదా. పిచ్చి పట్టిందని అందురూ అంటాండారంట. వాడేం తప్పు సేసినాడమ్మా? మగోడు మగోని మాదిరి ఉండాడు. కాపలా కాసేది మనం, మనం కాయలే. ఆ మాట సారు ముందర చెప్పేదానికి నోరుండాదా నీకు?" అన్నాడు.

"ఉండాది" అన్నాను.

ఆదివారం బండి వచ్చింది. సారు వచ్చాడు. పెళ్ళిగుర్రం ఆయనా, స్వారీ నేర్పేవాళ్ళూ తమాషా చూడటానికన్నట్టు వచ్చారు. బండి తలుపు దించుతుంటే నేను అడ్డంగా నిలబడి, "సార్, గుర్రానికి పిచ్చి లేదు. పిచ్చి పని చేసింది నేను" అని మొదలుపెట్టి, తాడు తొట్టి మీద పడేసిన దగ్గర్నుంచి "అవును సార్" అన్న దగ్గరి దాకా ఏదీ దాచకుండా చెప్పాను. పెద్దాయన కుప్పంలో అన్న మాట మాత్రం చెప్పలేదు. ఆయన తప్పు ఆయన చెప్పుకోవాలంటే చెప్పుకుంటాడు.

పెళ్ళిగుర్రం ఆయన మొహం ఎర్రబడింది. "నా గుర్రానికేమన్నా అయ్యుంటే? మా ఇంట్లో ఏడుగురం దాని మీద బతకతాండామక్కా!" అన్నాడు. నల్లోడి కోసం వచ్చిన బండిలోనే తెల్లదాన్ని ఎక్కించుకొని పోయాడు. పోతూ నా వైపు చూడలేదు. స్వారీవాళ్ళు తమలో తాము మాట్లాడుకొని, ఒక నెల చూస్తామన్నారు. సారు జాలీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నల్లోడు వచ్చి ఆయన అరచెయ్యి వాసన చూశాడు.

"సరే, ఉంచుతా. మరి దీన్ని పట్టుకునేదెవరు?" అన్నాడు.

"నేను" అన్నాను. ఈసారి ఆలోచించే అన్నాను.

"పెద్దాయన వచ్చి, నువ్వు పట్టుకోగలవని చెప్పిందాకా గడియ తియ్యొద్దు" అని చెప్పి కారెక్కాడు.

పెద్దాయన ఇంకో రెండు వారాలకు వచ్చాడు, కూతురు వద్దంటున్నా వినకుండా. బస్సు దిగి మట్టిబాటలో నడిచొస్తుంటే ఆ అడుగుల చప్పుడుకే నల్లోడు సకిలించాడు. ఆయన జాలీ దగ్గరికి పోయి, కుడిచెయ్యి ఎత్తబోయి, అది సగంలోనే ఆగిపోతే ఎడమచేత్తో వాడి మూతి నిమిరాడు. తరవాత నల్లోడి గది పక్కన కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. తాడు మడిచి నా చేతికిచ్చాడు.

"పోతొస్తాండాదీ!" అని కేక వేశాడు. గొంతు తగ్గింది గానీ కేక అదే.

నా నోరు తెరుచుకుంది. "కట్టి" అనేదాకా వచ్చేసింది కూడా. పళ్ళు బిగబట్టాను. తాడు భుజాన వేసుకొని నడిచిపోయాను. మొదటి స్వారీ గుర్రం గది గడియ పట్టుకొని చూశాను. రెండోది గోడకు కట్టేసి ఉంది, దాని ముడి లాగి చూశాను. గడ్డిగది చుట్టూ తిరిగి తొట్టి దగ్గరికి పోయాను. అక్కడ తెల్లదాని రింగుకు ఆనాటి దండ ఎండిపోయి వేలాడుతోంది. రింగు ఖాళీ. దాన్ని కూడా పట్టుకొని లాగి చూశాను. తిరిగొచ్చి ఆయన ముందర నిలబడ్డాను.

"సూసినావా?"

"సూసినానప్పా."

"తెల్లదాని రింగు?"

"దాంట్లో ఏమీ లేదప్పా."

"లేదని సూసినావా, లేదులే అనుకున్నావా?"

"లాగి సూసినా."

ఆయన కుడిచెయ్యి ఒళ్ళోనే ఉంది. ఎడమచెయ్యి ఎత్తి గడియ వైపు చూపించాడు.

"అట్లయితే తియ్యి."